సెప్టిక్ ట్యాంకా, రెండు గుంతలా? ఊళ్లో ఇల్లు కడుతున్నాం, సలహా కావాలి

#1 పల్నాటి మిరప

అందరికీ నమస్కారం. పల్నాడులో మా ఊళ్లో పాత పెంకుటిల్లు తీసేసి కొత్త ఇల్లు కట్టిస్తున్నాను. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటారు. గోడలు లింటెల్ దాకా లేచాయి కానీ మరుగుదొడ్డి దగ్గర పని ఆగిపోయింది.

పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, పదడుగుల లోతుతో సెప్టిక్ ట్యాంకు కట్టాలని మా మేస్త్రి పట్టుబడుతున్నాడు. ముప్పయ్యేళ్ల దాకా మూత తీయాల్సిన పని ఉండదని హామీ కూడా ఇస్తున్నాడు. ట్యాంకు నిండాక పొంగే నీటిని ఒక పైపు వేసి వీధి కాలువలో కలిపేస్తాడట. మా వీధిలో కొత్తగా కట్టిన ఇళ్లన్నిటికీ అలాగే చేశారు. ఆ కాలువ మా ఇల్లు దాటి, మరో మూడిళ్లు దాటి, అంగన్‌వాడీ ముందు నుంచి పోతుంది. మొన్న అక్కడ కాసేపు నిలబడి చూశాను. కాలువలో పడిన రబ్బరు బంతిని ఒక పిల్లవాడు చేత్తో తీసి, లాగుకు తుడిచి, మళ్లీ ఆట మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఆ పైపు వేయించడానికి నాకు మనసొప్పడం లేదు.

రెండో చిక్కు మా నాన్నగారితో. ఆయనకు 72 ఏళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి తెల్లవారుజామున చెంబు పట్టుకుని చెరువుకట్ట వైపు వెళ్లడమే ఆయనకు అలవాటు. 2017లో ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో పెరట్లో కట్టించిన దొడ్డిలో ఇప్పుడు మందు కొట్టే స్ప్రేయరూ పత్తి బోరేలూ ఉన్నాయి. అన్నం వండుకునే చోటికి పదడుగుల దూరంలో ఆ పనేమిటని ఆయన వాదన.

ప్రభుత్వం పోస్టర్లలో కనిపించే రెండు గుంతల పద్ధతి మాకు పనికొస్తుందా? మాది నల్లరేగడి నేల. కట్టినవారూ వాడుతున్నవారూ చెబితే మేలు.

#2 ఇటుక సున్నం

నేను ముప్పయ్యేళ్లుగా తాపీపని చేయిస్తున్నవాణ్ణి. మీ మేస్త్రి చెబుతున్న ట్యాంకులు ఒకప్పుడు నేనూ పదుల సంఖ్యలో కట్టాను, కాబట్టి ఆయనను తప్పుపట్టే ముందు నా సంగతి నేను చెప్పుకోవాలి. ట్యాంకు ఎంత పెద్దదైతే ఇంటి యజమానికి అంత సంతోషం, మేస్త్రికి అంత గిట్టుబాటు. ఐదుగురున్న ఇంటికి పదడుగుల లోతు ఎందుకని అడిగినవారు నాకు ఒక్కరూ తగల్లేదు.

రెండు గుంతల పద్ధతి ఇలా ఉంటుంది. దొడ్డి వెనుక రెండు గుండ్రటి గుంతలు తవ్వుతాం. ఐదుగురు వాడే ఇంటికి మూడడుగుల వ్యాసం, మూడు నాలుగడుగుల లోతు చాలు. రెంటి మధ్య కనీసం వాటి లోతంత ఎడం ఉండాలి. లోపలి వైపు ఇటుకల మధ్య ఖాళీలు వదులుతూ, తేనెపట్టు మాదిరిగా గోడ కడతాం. ఖాళీలున్న సిమెంటు వరలైనా దింపవచ్చు. అడుగున కాంక్రీటు వేయకూడదు, లోపల పూత పూయకూడదు. నీరూ వాయువూ మట్టిలోకి ఇంకిపోవడానికే ఈ ఏర్పాటంతా. అందుకే దీనికి గ్యాసు గొట్టం కూడా అక్కర్లేదు. దొడ్డి నుంచి వచ్చే పైపు ఒక చిన్న తొట్టిలో రెండుగా చీలుతుంది. ఒక దారిని ఇటుకముక్కతో, మట్టితో మూసేసి రెండోదాన్ని వాడతాం. మొదటి గుంత నిండడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. నిండాక తొట్టి మూత తీసి దారి మారుస్తాం. నిండిన గుంతను ఏడాదిన్నర, రెండేళ్లు కదపకుండా వదిలేస్తే లోపలిదంతా పొడి ఎరువుగా మారుతుంది. పారతో తీసి పొలంలో చల్లుకోవచ్చు.

నల్లరేగడి గురించి మీ అనుమానం సరైనదే. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, నీటిని మాత్రం తొందరగా పీల్చుకోదు. అలాంటి చోట గుంతను కొంచెం వెడల్పుగా తవ్వి, గోడ చుట్టూ అడుగు మందాన ఇసుకా ఇటుకముక్కలూ నింపాలి. స్నానం నీళ్లు, అంట్ల నీళ్లు పొరపాటున కూడా అందులోకి పంపకూడదు. వాటికి వేరే ఇంకుడుగుంత ఉండాలి. నేను చూసినంతలో, రెండు గుంతల దొడ్డి చెడిపోయిందని నన్ను పిలిచిన ఇళ్లలో చాలావాటికి కారణం స్నానాల గది పైపును అందులో కలపడమే.

ఇంకొక్క మాట. బేసిన్ కొనేటప్పుడు వాలు బాగా ఉన్న రూరల్ పాన్ అడిగి తీసుకోండి. దాని ముక్కులో నిలిచే నీరు రెండు సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు పోస్తే శుభ్రపడుతుంది. పట్నం బేసిన్ తెచ్చి బిగిస్తే బక్కెట్లకు బక్కెట్లు పోయాల్సి వస్తుంది, గుంత ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

#3 గుంటూరు కారం

లక్షలు పోసి ఇల్లు కట్టి, చివరికి గుంతల దొడ్డి పెట్టుకోమంటున్నారా? పండక్కి అల్లుళ్లు, మనవలు వస్తారు. వాళ్లకు కమోడ్ కావాలి, ఫ్లష్ కావాలి. రెండేళ్ల తర్వాత ఆ ఎరువును ఎవరు తీస్తారో కూడా చెప్పండి. నేను మాత్రం తీయను, నా పిల్లలూ తీయరు. ట్యాంకు కట్టించి ఊరుకోండి.

#4 పల్లె వైద్యం

కారం గారి ప్రశ్నకు మేస్త్రి గారు జవాబు చెబుతారు. నేను ఆ వీధి కాలువ గురించి రాస్తాను, ఎందుకంటే ఆ కాలువలో ఏం పారుతుందో నా దగ్గరికి వచ్చే పిల్లల కడుపులు చూస్తే తెలుస్తుంది. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పద్దెనిమిదేళ్లు పనిచేశాను.

సెప్టిక్ ట్యాంకు మలాన్ని శుద్ధి చేసేస్తుందని చాలామంది, చదువుకున్నవారు కూడా, నమ్ముతారు. అది చేసే పని చాలా తక్కువ. బరువైనది అడుగుకు దిగుతుంది, నూనె జిడ్డు పైకి తేలుతుంది, అడుగున చేరినది గాలి తగలకుండా కొంత కుళ్లుతుంది. మధ్యలోని నీరు పైపు గుండా బయటకు పోతుంది. చూడటానికి తేటగా కనిపించే ఆ నీటిలో టైఫాయిడ్ క్రిములు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు, ఏలికపాముల గుడ్లు సజీవంగానే ఉంటాయి. అందుకే ట్యాంకు తర్వాత ఇంకుడుగుంత తప్పనిసరి. అది లేకుండా కాలువలోకి పైపు పెట్టడమంటే చెరువుకట్ట మీద జరిగే పనిని అంగన్‌వాడీ ముందుకు తెచ్చి, దానికి పలుగురాళ్ల బదులు పలకల గోడ కట్టడమే. ఆ లెక్కన మీ నాన్నగారు చెరువుకట్టకు వెళ్లడం కొంత నయం, కనీసం అక్కడ ఎండ తగులుతుంది. (ఇది హాస్యానికి అన్నమాట. ఆయనకు చూపించకండి.)

కాలువలోంచి నోట్లోకి దారులు చాలా ఉన్నాయి. మీరు చూసిన బంతి ఒక దారి, ఈగ మరొకటి. కాలువ అడుగు నుంచే పోయే మంచినీళ్ల గొట్టం ఎవరికీ కనిపించని దారి. మన ఊళ్లలో కుళాయి రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది. నీళ్లు కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. దానికి తోడు ధార సరిగా రావడం లేదని ఇంటింటా చిన్న మోటారు బిగించి లాగుతారు. అప్పుడు గొట్టానికి ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ చుట్టుపక్కల మురుగును లోపలికి పీల్చుకుంటుంది. ఒకే వీధిలో వారం తేడాతో పదిమందికి కళ్లు పచ్చబడితే మేము ముందుగా వెళ్లి చూసేది ఆ కాలువనూ ఆ గొట్టాన్నే. హెపటైటిస్ ఇ గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు, కాబట్టి ఆ పదిమందిలో నిండుచూలాలు ఉందా అని అడగకుండా ఏ ఏఎన్‌ఎమ్మూ తిరిగి రాదు.

ఇక కొంకిపురుగు సంగతి. దానికి నోటితో పనిలేదు. మలం పడిన తడినేలలో గుడ్లు పొదిగి, పిల్లపురుగులు చెప్పుల్లేని పాదం చర్మం గుండా లోపలికి వెళ్తాయి. రక్తంలో ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి గొంతుకు, గొంతు నుంచి పేగుకు చేరి, పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి. మిరపకోతకు వచ్చే ఆడవాళ్లు పాలిపోయి, ఆయాసపడుతూ ఆసుపత్రికి వస్తే ఐరన్ మాత్రలు రాసి పంపేస్తాం. ఆ మాత్రల్లోని ఐరన్ ఎవరి కడుపు నింపుతోందో ఆలోచించండి. బడి పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఉన్న పురుగులను చంపుతుంది కానీ, మర్నాడు అదే మట్టిలో ఆడుకుంటే మళ్లీ ఎక్కే పురుగులను ఆపలేదు.

చివరగా ఒకటి. చంటిపిల్లల దొడ్డి దొడ్డే కాదని మన ఇళ్లలో అనుకుంటారు. కాగితంలో ఎత్తి పెంట మీద పారేస్తారు. పిల్లలకే విరేచనాలు ఎక్కువ కాబట్టి వాళ్ల మలంలోనే రోగక్రిములు ఎక్కువగా ఉంటాయి. అదీ బేసిన్‌లోకే వెళ్లాలి.

#5 ఇటుక సున్నం

కారం గారూ, కమోడ్ పెట్టినా రెండు గుంతలు పనిచేస్తాయి. కాకపోతే ఫ్లష్ తొట్టి చిన్నది పెట్టాలి. పాత రకం తొట్టి ఒకసారి నొక్కితే పది లీటర్ల దాకా వదులుతుంది. ఐదుగురి ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు నొక్కుతారో లెక్కవేసి గుంత వెడల్పు పెంచాలి. నల్లరేగడిలో మాత్రం నేను కమోడ్‌ను ప్రోత్సహించను.

ఎరువు ఎవరు తీస్తారన్నది మంచి ప్రశ్న, దానికి జవాబు మన దగ్గరే దొరికింది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారు స్వయంగా గుంతలోకి దిగి ఎరువు తీశారు. ఆయన వెంట వివిధ రాష్ట్రాల అధికారులు కూడా దిగారు. ఆ వార్త చూశాక నేను కట్టిన ఒక ఇంటికి వెళ్లి, రెండేళ్లు మూసి ఉంచిన గుంతను యజమానితో కలిసి తెరిచాను. కాఫీ పొడి రంగులో, పొడిపొడిగా ఉంది. వాసన లేదు. నిజం చెప్పాలంటే పార వేసే ముందు మా ఇద్దరికీ చేతులు ఆడలేదు, ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

#6 లంకగ్రామం

మేస్త్రి గారూ, మీ లెక్కలు మెట్టప్రాంతానికి సరిపోతాయేమో. మాది కోనసీమ. నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి, వానాకాలంలో రెండడుగులకే. 2016లో మా వాడలో వరలు దింపి దొడ్లు కట్టారు. ఆ ఏడు గోదావరి పోటెత్తినప్పుడు గుంతల్లోకి నీరు ఊరి, బేసిన్‌లోకి ఎగదన్నింది. పక్కనే పదిహేనడుగుల దూరంలో చేతిపంపు. ఆ నీళ్లే తాగుతున్నాం. మా అత్తగారు ఆ దొడ్డికి తాళం వేసి, తాళంచెవి కాలువలో పారేశారు. ఆమె చేసినది తప్పని నేను అనలేకపోయాను.

#7 ఇటుక సున్నం

మీ అత్తగారిది తప్పు కాదమ్మా, మెట్ట నమూనాను తెచ్చి లంకలో దింపినవారిదే తప్పు. గుంత అడుగుకూ భూగర్భజలానికీ మధ్య రెండు మీటర్ల పొడి మట్టి ఉంటే క్రిములు ఆ మట్టిలోనే చిక్కుపడతాయి. అంత మట్టి లేని చోట, దొడ్డినీ గుంతలనూ నేలకు పైన, మట్టి దిబ్బ పోసి ఎత్తుగా కట్టాలి. గుంత అడుగును కాంక్రీటుతో మూసేసి, చుట్టూ అడుగున్నర మందాన సన్న ఇసుక నింపాలి, నీరు పక్కలకు వడపోసుకుంటూ పోవాలి. చేతిపంపుకు కనీసం పది మీటర్ల దూరం పాటించడం క్షేమం. పదిహేనడుగులంటే అందులో సగం కూడా లేదు. ఇది ఖర్చుతో కూడిన పని కాబట్టి, నలుగురైదుగురు ఇరుగుపొరుగు కలిసి చేయించుకుంటే మేలు.

#8 బడి గంట

చర్చ అంతా నేల కింద నడుస్తోంది. నేల మీది సంగతి కూడా ఒకటి చెప్పనివ్వండి. నేను ప్రకాశం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేశాను. కొత్తగా చేరిన రోజుల్లో, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం అన్నం తిని నీళ్లు తాగకుండా లేచిపోవడం గమనించాను. అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. నాలుగు రోజుల తర్వాత ఒక పిల్ల చెప్పింది, 'నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తది కదా టీచర్' అని. బడిలో దొడ్లు నాలుగు ఉన్నాయి. రెండింటికి తలుపుల్లేవు, రెండింటికి తాళాలున్నాయి. తనిఖీకి ఎవరైనా వచ్చిన రోజున ఆ తాళాలు తీసేవారు. పొద్దున్న ఎనిమిదింటికి ఇంట్లో బయల్దేరిన పిల్ల సాయంత్రం ఐదు దాకా బిగపట్టుకుని కూర్చునేది. మూత్రంలో మంట అని సెలవుచీటీ రాయడానికి సిగ్గుపడి కడుపునొప్పి అని రాసేవాళ్లు. నెలసరి రోజుల్లో ఆ చీటీ కూడా ఉండేది కాదు, రావడమే మానేసేవాళ్లు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పనులు వచ్చాక చాలా బళ్లలో నీటి సరఫరా ఉన్న దొడ్లు కట్టారు, మా బడిలోనూ కట్టారు. కట్టడం ఒక ఎత్తయితే, రోజుకు రెండుసార్లు కడిగే ఆయమ్మకు నెలనెలా జీతం అందడం మరో ఎత్తు. ఆ జీతం ఆలస్యమైన నెలలో పిల్లలు మళ్లీ నీళ్లు తాగడం మానేస్తారు. హాజరుపట్టీ చూడకుండా, నీళ్ల కుండ దగ్గర వరస చూసి దొడ్లు ఎలా ఉన్నాయో చెప్పగలను.

పల్నాటి మిరప గారూ, మీ నాన్నగారి అభిప్రాయం రాశారు, అమ్మగారి మాట ఎక్కడా లేదు. చీకటితో లేచి వెళ్లి, మళ్లీ చీకటి పడేదాకా ఆగే అవసరం ఆవిడదే కదా.

#9 లెక్కల పుస్తకం

కొన్ని అంకెలు చూద్దాం. 2011 జనగణన నాటికి దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో 30.7 శాతం ఇళ్లలోనే మరుగుదొడ్డి ఉంది. అంతకు ముందు పథకాలు లేక కాదు. 1986లో గ్రామీణ పారిశుద్ధ్య కార్యక్రమం, 1999లో సంపూర్ణ పారిశుద్ధ్య ప్రచారం, 2012లో నిర్మల్ భారత్ అభియాన్ వచ్చాయి. 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలై, ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకం ఇచ్చి, సరిగ్గా ఐదేళ్లకు గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన నుంచి విముక్తమైందని ప్రకటించారు. అయితే 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 19 శాతం కుటుంబాలు ఏ దొడ్డీ వాడడం లేదని తేలింది. 2015-16 సర్వేలో అది 39 శాతం. సగానికి సగం తగ్గడం చిన్న విషయం కాదు, సున్నా అని చెప్పడమూ నిజం కాదు. స్ప్రేయర్లూ పత్తి బోరేలూ ఉన్న దొడ్లు కట్టినవాటి లెక్కలో మాత్రం 'ఉన్న' దొడ్లే. కాబట్టి కట్టినంత మాత్రాన ఆరోగ్యం బాగుపడిందని చెప్పడానికి నాకైతే ఆధారం కనిపించడం లేదు.

#10 పల్లె వైద్యం

లెక్కల పుస్తకం గారి అనుమానానికి ఒడిశాలో జరిగిన పరిశీలన ఒకటి గట్టి ఊతం ఇస్తుంది. పూరీ జిల్లాలో 100 గ్రామాలను తీసుకుని, సగం ఊళ్లలో దొడ్లు కట్టించి, సగం ఊళ్లను అలాగే ఉంచి పోల్చారు. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కట్టించిన ఊళ్లలో దొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. అయినా పిల్లల విరేచనాలు తగ్గలేదు, నులిపురుగులు తగ్గలేదు, ఎదుగుదల మెరుగుపడలేదు.

దీన్ని పట్టుకుని దొడ్లు దండగ అనేవారు ఉన్నారు. నేను దాన్ని వేరేగా చదువుతాను. టీకా వేయించుకున్న పిల్లవాడికి పొరుగువాడు వేయించుకోకపోయినా కొంత రక్షణ ఉంటుంది. దొడ్డి అలాంటిది కాదు. నేను వాడి, నా పొరుగువారు నలుగురు వాడకపోతే, వాళ్ల మలం మీద వాలిన ఈగ మా కంచం మీద వాలుతుంది. నూటికి అరవై ఇళ్లకు దొడ్లుండి, వాటిలోనూ కొందరే వాడుతుంటే, ఊరి మట్టిలో, ఊరి నీళ్లలో తేడా రాదు. మీ వీధిలో మిగతా పైపులన్నీ కాలువలోనే ఉండగా మీరొక్కరు మానేస్తే అంగన్‌వాడీ పిల్లలకు ఏమంత తేడా రాదు, పల్నాటి మిరప గారూ. ఇది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి రాయడం లేదు. పంచాయతీలో ఆ పైపుల సంగతి ఎత్తకుండా మీ ఇంటి పని పూర్తికాదని చెప్పడానికి రాస్తున్నాను.

#11 మూసీ ఒడ్డు

ఈ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. 'ముప్పయ్యేళ్లు మూత తీయక్కర్లేదు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ముప్పయ్యేళ్ల తర్వాత ఆ మూత తీసేది ఎవరో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న హైదరాబాదులో డ్రైనేజీ పని చేసేవారు. పనికి వెళ్లేముందు తాగేవారు, తాగకుండా ఆ వాసనలోకి దిగడం ఎవరి వల్లా కాదని అమ్మతో అనేవారు. ఇంటికొచ్చాక గుమ్మం బయటే సబ్బుతో మూడుసార్లు ఒళ్లు రుద్దుకునేవారు. అయినా మా చెల్లి ఆయన చేతి ముద్ద తినేది కాదు, చిన్నపిల్ల, దానికేం తెలుసు. మా చిన్నాన్న ప్రైవేటుగా వచ్చే పనులకు వెళ్లేవాడు. ఒక అపార్ట్‌మెంట్ ట్యాంకు అడుగున గట్టిపడినదాన్ని లారీ గొట్టం లాగలేకపోతే, దిగి పలుగుతో కదపమన్నారు. దిగాడు, పలుకు లేదు. పైనున్న కుర్రవాడు ఆయనను లాగడానికి దిగాడు. ఇద్దరూ పోయారు.

ఆ ట్యాంకుల్లో ఉండేది హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముందు ముక్కును చంపుతుంది, వాసన పోయింది కదా అని మనిషి ధైర్యపడతాడు. ఆ తర్వాత రెండు మూడు ఊపిరులే. అగ్గిపుల్ల గీసి చూడటం, గంటసేపు మూత తీసి ఉంచడం వంటి పాత పద్ధతులు ఏ రక్షణా ఇవ్వవు. ఒకరి కోసం దిగిన రెండోవాడు చనిపోవడం ఈ పనిలో పదేపదే జరిగేదే.

చట్టం లేక కాదు. 1993లో ఒకటి, 2013లో మరొకటి వచ్చాయి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగుకాలువలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ దించడం నేరం. దింపినవారిలో ఇంటి యజమాని కూడా ఉంటే అతనికీ శిక్ష ఉంది. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ తీర్పుల వెనుక సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమ సంస్థ ఎన్నో ఏళ్లు చేసిన పోరాటం ఉంది. కోలారు బంగారు గనుల్లో పారిశుద్ధ్య కార్మికుల ఇంట్లో పుట్టిన బెజవాడ విల్సన్ దాన్ని నడిపించారు. మన రాష్ట్రంలో కలెక్టరుగా, కార్యదర్శిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు ఆయనకు అండగా నిలిచారు. విల్సన్‌కు 2016లో మెగసెసె పురస్కారం వచ్చింది. మా చిన్నాన్నకు ఏమీ రాలేదు, ఎందుకంటే ఆయనను పనికి పెట్టుకున్నట్టు కాగితం మీద ఎవరూ రాయలేదు.

కారం గారు 'నేను తీయను, నా పిల్లలూ తీయరు' అన్నారు. పెద్ద ట్యాంకు కట్టించుకున్న ప్రతివారి మనసులో ఉన్నది ఆ మాటే. అది అందరి మాట అయినప్పుడు తీయడానికి ఒక కులం మిగులుతుంది. రెండేళ్లు ఎండిన గుంతలోని పొడిని ఎవరైనా తీయగలరు, అందులో విషవాయువు ఉండదు. అందుకే ఆ మూడడుగుల గుంత నాకు పోస్టరులోని బొమ్మలా కనిపించదు.

#12 గుంటూరు కారం

మూసీ ఒడ్డు గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంటి ట్యాంకును 2015లో తీయించాను. ఎవరు దిగారో, అసలు దిగారో లేదో కూడా నేను చూడలేదు, లోపల కూర్చుని టీవీ చూస్తున్నాను.

#13 నిర్వాహకుడు

స్వచ్ఛ భారత్ విజయమా వైఫల్యమా అన్న రాజకీయ వాదనకు దిగిన నాలుగు టపాలను తొలగించాను. దొడ్లు, గుంతలు, ఆరోగ్యం, పనివారు, ఇవి మాత్రమే ఇక్కడి విషయం.

#14 ఓరుగల్లు

ఇప్పటికే ట్యాంకు ఉన్నవారికి ఒక మాట. కొత్తగా గుంతలు తవ్వే స్థలం పట్నాల్లో అందరికీ ఉండదు. రెండు మూడేళ్లకొకసారి ట్యాంకును లారీతో తీయించుకోవడం తప్పనిసరి. అలా తీయించుకుంటే అడుగున గట్టిపడదు, మనిషి దిగాల్సిన అవసరమే రాదు. పదిహేనేళ్లు ఆగి తీయిస్తేనే పలుగులు కావాలి.

గోడల మీద నంబరు చూసి లారీని పిలుస్తాం, డబ్బులిస్తాం, లారీ వెళ్లిపోతుంది. అది ఎక్కడికి వెళ్తుందని మనలో ఎందరు అడిగారు? చాలా ఊళ్లలో అది రాత్రిపూట చెరువు అలుగు దగ్గరో, వాగు వంతెన కిందో గొట్టం విప్పుతుంది. ఒక లారీ విప్పితే వేలమంది ఒకేచోట బహిర్భూమికి కూర్చున్నట్టే. మా వరంగల్‌లో 2016లోనే మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చి, తర్వాత శుద్ధి కేంద్రం పెట్టారు. ఆంధ్రలో నరసాపురంలోనూ పెట్టారు. తర్వాత చాలా పట్టణాలకు వచ్చాయి. మీ దగ్గర కేంద్రం ఉంటే, అక్కడ దింపినట్టు రశీదు చూపాకే లారీవాడికి మిగతా సగం డబ్బు ఇవ్వండి. నేను అలాగే చేస్తాను. మొదటిసారి వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

#15 పల్నాటి మిరప

ఐదు నెలల తర్వాత మళ్లీ వస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

రెండు గుంతలే వేయించాం. మేస్త్రి మొదట అలిగాడు, తర్వాత ఇటుక సున్నం గారి టపాను నేను చదివి వినిపిస్తే, 'అడుగున కాంక్రీటు వద్దన్నది ఎవరు, ఆయన నంబరు ఇవ్వండి' అన్నాడు. నల్లరేగడి కాబట్టి వ్యాసం నాలుగడుగులు తీసుకున్నాం, చుట్టూ ఇసుక నింపాం. స్నానం నీళ్లు కొబ్బరిచెట్టు పాదు పక్కనున్న ఇంకుడుగుంతకు పోతున్నాయి.

బడి గంట గారు అడిగాక అమ్మను అడిగాను. ఆవిడ మోకాళ్లనొప్పులతో రెండేళ్లుగా రాత్రిపూట అన్నం మానేసి పాలు మాత్రమే తాగుతోందట. వంట చేసి మాకు వడ్డించే మనిషి తాను ఎందుకు తినడం లేదో మేమెవ్వరమూ అడగలేదు. గోడకు పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ బిగించాం. ఇప్పుడు తింటోంది.

నాన్నగారు ఇంటికి అతికి ఉన్న దొడ్డిని ఒప్పుకోలేదు. అందుకని పెరటి చివర, వేపచెట్టు కింద, వంటింటికి నలభై అడుగుల దూరంలో కట్టించాం, తలుపు తూర్పుకు కాకుండా పొలం వైపు పెట్టించారు. తెల్లవారుజామున చెంబు పట్టుకుని పెరట్లోకి నడిచి వెళ్తున్నారు. దారి మారింది, చెంబు మారలేదు. అది ఆయన ఇష్టం.

పంచాయతీలో కాలువ పైపుల సంగతి ఎత్తాను. పదకొండు ఇళ్లలో నలుగురు ఇంకుడుగుంత తవ్వుకోవడానికి ఒప్పుకున్నారు. ఇద్దరు తవ్వారు. మిగతావారు నా మీద కోపంగా ఉన్నారు, మా పక్కింటి మామయ్య అయితే పెళ్లిపిలుపుకు కూడా రాలేదు. అంగన్‌వాడీ ముందు కాలువ మీద బండలు పరిపించడానికి తీర్మానం రాశారు, బండలు ఇంకా రాలేదు.

#16 పల్లె వైద్యం

పదకొండులో ఇద్దరు. ఒడిశా అంకె కంటే తక్కువే. పిలుపు రాకపోయినా మామయ్య ఇంటి పెళ్లికి మీరే వెళ్లండి.

#17 ఇటుక సున్నం

మొదటి గుంత ఏ రోజున వాడటం మొదలుపెట్టారో ఎక్కడైనా రాసిపెట్టారా? నిండాక ఎప్పుడు మూశారో మరిచిపోయి, ఆరు నెలలకే తెరిచి ఇబ్బందిపడినవారు ఉన్నారు.

#18 పల్నాటి మిరప

నాన్నగారే తలుపు లోపలివైపు పచ్చరంగుతో రాయించారు. ఒకటో గుంత, కింద తేదీ. రెండో గుంత, కింద ఖాళీ గీత. ఎరువు తీసిన రోజున వేపచెట్టుకు కాదు, మిరపనారుకే వేయాలని ఇప్పటి నుంచే చెబుతున్నారు.